రాణిగారి సుద్దగీతలు

రాణిగారు పోయిన రోజున ఊరంతా ఏడ్చింది. నేనూ కొట్టు మూశాను. కానీ నా కడుపులో ఉన్నది దుఃఖం కాదు, మంట.

లెక్క చెబుతాను, మీరే తూచండి. జబ్బుతో అరికాళ్లలో స్పర్శ పోయినవాళ్ల కోసం, కోడలిగా వచ్చిన ఏడాదే, అత్తవారు వద్దంటున్నా ఆవిడ ఆసుపత్రి పెట్టారు. ఇరవై ఏళ్లు వారం వారం వెళ్లి, నేలమీద కూర్చుని, ఒక్కొక్కరి పాదం ఒళ్లో పెట్టుకుని చూసేవారు. బాగుంది. మరి ఆ పాదాలకు చెప్పులు కుట్టిందెవరు? తోలు నాది, సూది నాది, నడుం నొప్పి నాది. పేరేమో "రాణిగారి చెప్పులు"! పైగా ఆవిడ చెప్పు అట్టమీద సుద్దగీత పెట్టి, ఇక్కడ పల్చన చెయ్యమని తిప్పి పంపేవారు. నా పనికే వంకలా అని ఉడుక్కునేవాణ్ణి.

ఊరి సంగతి సరే, మా అక్కకీ ఆవిడే దేవత. అక్కవీ స్పర్శ లేని పాదాలే. గోడమీద నా ఫొటో తీసేసి ఆవిడది పెట్టుకుంది.

ఆవిడ పోయాక నేను కుట్టిన మొదటి జతే అక్క బొటనవేలి కింద పుండు చేసింది. అది మానేసరికి రెండు నెలలు. మళ్లీ పడితే వేలు తీసెయ్యాలన్నాడట డాక్టరు. కుట్టి ఉంచిన కొత్త జత కోసం అక్క నా కొట్టుకి వచ్చింది.

"రాణిగారుంటే ఇంతదాకా వచ్చేదా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఎక్కడ నొక్కుతోందని ప్రతిసారీ అడుగుతూనే ఉన్నానుగా అక్కా!"

"అదేరా నీ తెలివి! నొక్కేది తెలిస్తే నాకీ తిప్పలెందుకు? ఆవిడ అడిగేవారు కాదు. కాసేపు నడిపించి, చెప్పు విప్పి, అరికాలు తడిమేవారు. వేడి తగిలిందంటే అక్కడ చెప్పు నొక్కుతున్నట్టే, గీత పెట్టేవారు."

అక్కకి కొత్త జత తొడిగి వీధి చివరిదాకా నడిపించాను. తిరిగొచ్చాక నా పీట వదిలి నేలమీద కూర్చుని, చెప్పు విప్పి పాదం ఒళ్లోకి తీసుకున్నాను. చిటికెనవేలి మొదట్లో వేడి తగిలింది. చెప్పు అట్టమీద సరిగ్గా అక్కడే సుద్దతో గీశాను.

అయినా బుద్ధి ఊరుకుంటుందా? "ఎవరి చెయ్యి మెత్తనక్కా, ఆవిడదా, నాదా?"

అక్క పకపకా నవ్వింది. "పిచ్చి సన్నాసీ, నాకెలా తెలుస్తుందిరా? ఆవిడ చెయ్యి మాత్రం తెలిసిందా? తల వంచుకుని కూర్చుంటే పాపిట్లో తెల్లవెంట్రుకలు కనిపించేవి. అంతే."

నా నెత్తిమీద ఏం కనిపిస్తోందో అడగాలనిపించింది. అడగలేదు. ఇంకాస్త వంగి, రెండో కాలు ఇటివ్వమన్నాను.