ఊడ్పు చొక్కా

అమ్మ పోయిన మంగళవారం మధ్యాహ్నమే తమ్ముడు జాన్ ఆమె ఫోటో కోసం ఇల్లంతా వెతికాడు. ఆదివారం ఆదరణ కూడిక. ఫ్లెక్సీ వేయించాలి. ఆ కూడికలో అమ్మ గురించి నేను నాలుగు మాటలు చెప్పాలన్నారు సంఘ పెద్దలు. ఇరవై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నది కదా, మెర్సీ అయితే పద్ధతిగా మాట్లాడుతుందని.

చెప్పవలసిన మాట నా దగ్గర ఒకటే ఉంది. ఆరేళ్లుగా ఉంది.

ఆ ఏడాది ఊడ్పుల రోజుల్లో గన్నవరం అక్విడెక్టు అవతల చేలో సినిమా షూటింగు జరిగింది. పాటలో హీరోయిన్ వెనక వరి నాట్లు వెయ్యడానికి మా పేట నుంచి ఆడవాళ్లను పిలిచారు. అమ్మ, మా సువర్ణత్త రోజూ పనికి వెళ్లినట్టే వెళ్లారు. చీర మీద మగవాళ్ల పాత పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు.

"చొక్కాలు తీసెయ్యండమ్మా. పల్లెటూరిలా లేదు," అన్నాడట అసిస్టెంటు.

"మరి మేం ఏ పట్నం నుంచి దిగేవండీ?" అంది అత్త.

చొక్కాలు గట్టు మీద పెట్టించారు. చీరలు మోకాళ్ల పైకి కట్టించారు. తలల్లో కనకాంబరాలు తురిమారు. మేం క్రైస్తవులం, బొట్టు పెట్టుకోం అని అమ్మ చెప్పబోతే, తెర మీద పల్లెటూరి ఆడమనిషంటే బొట్టు ఉండాలన్నారట. అద్దంలో తనను తాను చూసుకుని అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వును ఎవరో ఫోటో తీసి ఇచ్చారు.

పాటలో అమ్మ రెండు క్షణాలు కనిపించింది. కెమెరా ముందు పిక్కల మీద ఆగింది, తరవాత మొహం మీదికి వచ్చింది. అమలాపురం హాల్లో మా పెద్దలూ చూశారు. హీరోయిన్ ఒంటి మీద ఉన్న బట్ట అమ్మ చీరలో సగం కూడా ఉండదు. అయినా సంఘ పెద్ద లాజరుగారు మనవల్ని తీసుకుని రెండోసారి వెళ్లారు. ఆ వచ్చిన ఆదివారమే, అమ్మనూ అత్తనూ మూడు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచుతున్నామని చెప్పారు. నెలకోసారి అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం వాళ్లిద్దరికీ ఉండవు.

"మరి మీరూ చూసేరు కదండీ?" అని అత్త అక్కడే అడిగింది.

"ఆ పిల్ల సినిమా మనిషమ్మా. మీరు మన మనుషులు," అన్నారాయన, ఎంతో మర్యాదగా.

నేను మూడో బెంచీలో ఉన్నాను. మాట్లాడలేదు. అత్త ఆ ఏడాదంతా చర్చికి రాలేదు. అమ్మ మాత్రం వచ్చింది. రొట్టె పళ్లెం తనను దాటి వెళ్తుంటే ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి మాత్రం ఇంటి దగ్గర, "నువ్వు లేచి నిలబడతావనుకున్నానే," అంది.

ఆధార్ కార్డు మీది కాక, అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో ఆ షూటింగుదే.

"బొట్టు తీయించేద్దాం అక్కా. పువ్వులు కూడా. స్టూడియోవాడికి ఐదు నిమిషాల పని," అన్నాడు జాన్.

సరే అన్నాను.

ఫ్లెక్సీలో అమ్మకు నున్నటి నుదురు, భుజాల చుట్టూ తెల్లచీర వచ్చాయి. అత్త దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఎవరే ఈవిడ?"

"అమ్మే అత్తా."

"సినిమావాళ్లు చొక్కా విప్పించేరు. బొట్టు మీరు చెరిపించేరు. మా వదిన్ని ఎక్కడెట్టేరే?"

జాన్ కుర్చీలు సర్దే పని ఉందని వెళ్లిపోయాడు.

కూడికలో ముందు లాజరుగారు మాట్లాడారు. "కాంతమ్మగారు గొప్ప విశ్వాసి అండీ. ఏనాడూ బల్లకు తప్పలేదు."

"ఆయ్!" అంది అత్త వెనక నుంచి గట్టిగా. కొందరు తిరిగి చూశారు.

నా వంతు వచ్చింది. ఆ మూడు నెలల సంగతి కాగితం మీద రెండు వాక్యాల్లో రాసుకున్నాను. ముందు అమ్మ పుట్టిన ఊరు అప్పనపల్లి అని చదివాను. నలభై ఏళ్లు ఊడ్పులకు వెళ్లిందని చదివాను. నాన్న చొక్కా వేసుకుని వెళ్లేదని చదివాను. తలెత్తితే లాజరుగారు నన్నే చూస్తున్నారు. ఆ చూపులో దయే ఉంది. కాగితం మడిచి కూర్చున్నాను.

అమ్మను మూడు నెలలు బల్లకు దూరంగా ఉంచారని, ఆ రోజు నేను లేచి నిలబడలేదని సంఘం ముందు ఇంకా చెప్పలేదు.