ముందు బండి

ఇరుసు చివర చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప సీలను కాంట్రాక్టర్ మనిషి సుత్తితో కొట్టి బయటికి లాగాడు. చక్రం వెంటనే పడిపోలేదు. ఎద్దులు రెండడుగులు వేసేదాకా ఓర్చుకుంది. ఆ తర్వాత బండి ఎడమకు ఒరిగింది, కట్టిన తాడు తెగింది, బండెడు చెరుకు కొత్త తారు రోడ్డు మీద దొర్లింది. నొగల మీద కూర్చున్న హన్మవ్వ దూకింది కాబట్టి బతికింది.

"బోర్డు కనపడ్తలేదా?" అన్నాడు టోల్‌గేటు మేనేజరు, కుర్చీలోంచి లేవకుండానే. "ఇనుప పట్టీ బండ్లు రోడ్డెక్కొద్దు. జుర్మానా కట్టు, సీల తీస్కపో."

"ఏ బాటెంబడి పోవాలెరా మరి? నీ నెత్తిమీదికెళ్ళా?" అంది హన్మవ్వ.

"పక్కన బాట ఉన్నది గదా."

పక్కన ఉన్నది బాట కాదు. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఊరే నల్లరేగడి. నిండు బండి అందులో దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు.

నాలుగో బండి మీదున్న ఎర్రయ్య దిగి పరుగెత్తాడు. హన్మవ్వ ఎడమ ఎద్దు కాడి కింద మెడ మెలిపడి పడి ఉంది. గేటు కట్టె ఎత్తి దించే భూమన్న ఒకసారి మేనేజరు వైపు చూసి, ఏమనుకున్నాడో ఏమో, వచ్చి ఒరిగిన బండి కింద భుజం పెట్టాడు. ఎద్దు మెడ విడిపించేదాకా పెట్టిన భుజం తియ్యలేదు. చాయ్ అమ్ముకునే రాధాబాయి పిలవకుండానే బకెట్టుతో నీళ్లు తెచ్చింది. మనుషులకు ఇవ్వలేదు, ముందు ఎద్దుకు పట్టింది.

"భూమన్నా, జీతం నేనిస్తున్ననా, గీ ఎద్దిస్తుందా?" అని మేనేజరు అరిచాడు.

తొంభై తొమ్మిది జనవరి అది. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే రోజులు. బోధన్ నుంచి మహారాష్ట్ర సరిహద్దు దాకా రోడ్డు అప్పుడే వెడల్పయింది. సరిహద్దులో గోదాములు లేచాయి, దాబాలు లేచాయి, పెట్రోలు బంకులు లేచాయి. నాందేడ్ వైపు నుంచి లారీలు బారులు తీరాయి. సర్కారు దగ్గర పైసలు లేవన్నారు. కాంట్రాక్టర్ పెట్టుబడి పెట్టి రోడ్డు వేస్తాడు, పదిహేనేళ్లు లారీల దగ్గర టోలు వసూలు చేసుకుంటాడు, అదీ ఒప్పందం. ఇనుప చక్రం తారును కోస్తే మరమ్మతు ఖర్చు అతనిది. అందుకని ఇనుప చక్రాన్నే రోడ్డు మీంచి నెట్టేశాడు. రబ్బరు టైర్ల బండ్లకు అడ్డు లేదు. టైరు బండి కొనగలిగినవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురు.

ఎర్రయ్యకు ఎకరం చెరుకు, ఒక ఇనుప చక్రాల బండి, ఒక జత ఎద్దులు. అందులో మైలోడనే ఎద్దు ముందు కాలు కుంటుతుంది. భార్య బాలవ్వ చనిపోయిన ఏడాదే ఆ ఎద్దు కాలువ గట్టు మీద జారిపడి కాలు పాడుచేసుకుంది. అమ్మెయ్యమని అందరూ అన్నారు. అతను అమ్మలేదు. ఇప్పుడు రోడ్డు పోతే బండి కిరాయి పోతుంది. కిరాయి పోతే రెండెద్దులను మేపేదెట్లా? కుంటి ఎద్దును కొనేవాడు కటికవాడు ఒక్కడే.

*

మొదటిసారి వాళ్లు తప్పు చేశారు. అది బండ్లోళ్లు మాత్రమే చేసే తప్పు.

కోపమొస్తే బండ్లోడు చేసే పని ఎద్దులను విప్పెయ్యడం. గేటు ముందర ఎనభై బండ్ల ఎద్దులను విప్పేసి, చెరుకు నిండిన బండ్లను అక్కడే వదిలి కూర్చున్నారు. రెండు రోజులు. మేనేజరు పొక్లెయిన్ తెప్పించి పక్క పొలం గట్టు చదును చేయించాడు. లారీలు అటునుంచి పోయాయి. కోసిన చెరుకు ఎండకు పెళుసెక్కి తూకం పోగొట్టుకుంది. మూడో రోజు ఎవరికి వాళ్లు తలకాయ దించుకుని జుర్మానా కట్టి పోయారు.

"ఇంకో రెండు రోజులు కూసోండ్రి," అన్నాడు మేనేజరు నవ్వుతూ. "చెరుకు పొయ్యిలకైనా పనికొస్తది."

ఆ నవ్వు ఎర్రయ్య చెవుల్లో ఆదివారం ప్రార్థన దాకా మోగింది. ప్రార్థనయ్యాక దళితవాడలోని మెథడిస్టు చర్చి ఆవరణలోనే మీటింగు పెట్టారు. బోధన్ కాలేజీలో చదువుతూ రైతుకూలీ సంఘంలో తిరిగే వీరస్వామి వచ్చాడు. పెద్దకాపు ముత్తన్న కూడా వచ్చాడు. అతనిది టైరు బండి. ఆ వాడ చాప మీద అతను కూర్చోవడం అదే మొదలు. బండి తోలే శారమ్మ మంచినీళ్లిస్తే చెంబు చేతికి తీసుకుని తాగాడు. కొందరు అది చూసీ చూడనట్టు ఉన్నారు.

"నీకేం పనే ఈడ, పటేలా?" హన్మవ్వ ఊరుకోలేదు. "నీ టైర్లు సల్లగున్నయి గదా. మా సీలలు ఊడుతుంటే నువ్వు సలాం గొట్టుకుంట పోయినవ్."

"పోయిన. అబద్ధమెందుకు," అన్నాడు ముత్తన్న. "టైరు బండి ఒక్కటే ఉన్నది నాకు. చెరుకు పదెకరాలు. మోసేది మీ బండ్లే. మీరు ఆగితే నా చెరుకు గూడ ఎండుతది."

"అట్ల జెప్పు! మా మీద పావురం కాదు, చెరుకు మీద ప్రేమ."

అందరూ నవ్వారు. ముత్తన్న కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

వీరస్వామి లేచాడు. "టన్ను చెరుకుకు ఇంతని రోడ్ల సెస్సు ఎన్నేండ్ల సంది కోస్తున్రు? మీ తాతల నాటి సంది. గీ రోడ్డు కింద ఉన్న పాత రోడ్డు మీ చెరుకు పైసల్తోనే పడ్డది. దాని మీద రెండంగుళాల తారు పోసి రోడ్డంత నాదంటున్నడు కాంట్రాక్టరు. అడుగుండ్రి, సర్కారు ఎవని పైసలు ఎవనికి ఇచ్చిందో."

"అడిగితే కేసు పెడ్తరట బిడ్డా," శారమ్మ అంది. "పేర్లు రాసుకుంటమని ఎస్సై మొన్న వాడకొచ్చి చెప్పిపోయిండు. కేసులంటే తిరుగుడే తిరుగుడు."

నవ్వు ఆగిపోయింది. పేరు కాగితం మీదికి ఎక్కడమంటే అక్కడున్న ప్రతివాడికీ భయమే. ఎర్రయ్యకూ భయమే. వాయిదాలకు తిరిగితే ఎద్దుకు గడ్డి ఎవరు వేస్తారు?

అయినా లేచాడు. మీటింగుల్లో అతను లేవడం అదే మొదటిసారి.

"మనం ఎడ్లు ఇప్పి తప్పు జేసినం," అన్నాడు. "బండి నిలబెడితే మన చెరుకే ఎండుతది. నిలబెట్టొద్దు. పోదాం. ఎడ్లెట్ల నడుస్తయో అట్లనే పోదాం. రోడ్డు నడుమకెళ్ళి. ఎనుక లారీలు ఎన్నున్నా సరే."

"దాటిపోతయి గదనే."

"ఎట్ల దాటుతయి? ఒక బండి ఎడమకు, ఒక బండి నడుమకు, టైరుదైనా ఇనుపదైనా. జోడు జోడుగ పోదాం."

ముత్తన్న తల ఊపాడు. "ఎవని బండి ముందు?"

ఒక్కసారి అందరూ ఎర్రయ్య వైపు చూశారు. చెరుకు బండ్లు బారుగా పోయేటప్పుడు ఆ ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. అందరికంటే నీరసం జతను ముందు కట్టాలి. గట్టి ఎద్దులు దాని వెనుక నడవాలి. ముందు బండిని దాటిపోవడం మర్యాద కాదు. అట్లా అయితే ఎవరూ వెనకబడి ఒంటరి కారు. మంచి పద్ధతే. కానీ ముందు బండివాడంటే కొంత నవ్వులాట కూడా. ఎద్దు కుంటిదైన నాటి నుంచి ఎర్రయ్య ఆ నవ్వు పడుతూనే ఉన్నాడు.

"మైలోడే ముందు," అంది హన్మవ్వ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

*

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి నూటయాభై బండ్లు రోడ్డెక్కాయి. నినాదాల్లేవు. ఇనుప పట్టీలు తారు మీద చేసే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మైలోడు తన మానాన తాను నడిచింది. గంటకు మైలున్నర. వెనుక మొదట పది లారీలు, తర్వాత యాభై, ఆ తర్వాత చూపు ఆనేంత దూరం లారీలే. హారన్లు మోగాయి, మోగి అలిసిపోయాయి.

గేటు కట్టె దించి ఉంది. మైలోడు ముక్కు కట్టెకు తగిలింది, ఆగింది. వెనుక బారంతా ఆగింది.

ఎస్సై జీపు దిగాడు. "రాస్తారోకో చేస్తున్రా?"

"లేదు సార్. ఫ్యాక్టరీకి పోతున్నం," అన్నాడు ఎర్రయ్య. "ఆపింది మేం గాదు. కట్టె."

"బండ్లు పక్క బాటకు దించుండ్రి."

"నూటయాభై బండ్లు తిప్పాలె సార్. తిప్పితే సాయంత్రమైతది. మీ ఇష్టం."

నాందేడ్ లారీ డ్రైవరొకడు వెనుక నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు. బండ్లోళ్ల మీద విరుచుకుపడతాడని మేనేజరు ఆశపడ్డాడు. అతను మరాఠీలో ఏదో గట్టిగా అరిచాడు. రాధాబాయి చాయ్ వడకడుతూనే తెలుగులో చెప్పింది:

"రోజూ పైసలు కట్టేది నేను, రోడ్డు మీద ఎండేది నేనే, మరి గా కుర్చీలోడు ఏం జేస్తడు అని అడుగుతున్నడు. నాకూ తెల్వదని చెప్పిన."

మేనేజరు ఫోనెత్తాడు. అవతల కాంట్రాక్టర్ ఏమన్నాడో గానీ అతని ముఖం పాలిపోయింది. "కట్టె ఎత్తొద్దు! ఎవరెత్తినా ఊరుకోను!"

భూమన్న అప్పటికే కట్టెకు వేలాడే బరువు రాయి మీద చెయ్యి వేశాడు. కట్టె లేచింది.

"నిన్ను పనిలకెళ్ళి తీసేసిన!"

"తీసెయ్. ఎత్తిన కట్టె మాత్రం దించ."

మైలోడు అడుగు వేసింది. ఎస్సై ఎర్రయ్య చొక్కా పట్టి నొగల మీంచి కిందికి లాగాడు. నాయకుణ్ణి పట్టుకుంటే బారు ఆగుతుందనుకున్నాడు. ఎర్రయ్య మోకాలు చీరుకుపోయింది. హన్మవ్వ పరుగున వచ్చి పగ్గాలు అందుకుంది. ఆమెను లాగితే ముత్తన్న తన టైరు బండిని పాలేరుకు వదిలి ఎక్కాడు. పెద్దకాపును లాగడానికి ఎస్సై ఒక క్షణం తటపటాయించాడు. ఆ క్షణంలో బండి గేటు దాటింది. వెనుక జోడు, ఆ వెనుక జోడు దాటాయి.

ఎర్రయ్యనూ హన్మవ్వనూ భూమన్ననూ జీపులో వేశారు. జీపు కదలడానికి దారి లేదు. బండ్ల బారు అడుగు సందు ఇవ్వకుండా పోతూనే ఉంది. ముసలి కానిస్టేబులొకడు ఎస్సై చూడకుండా తన రుమాలు ఎర్రయ్య మోకాలికి కట్టాడు.

ఎస్సై జీపు బానెట్ మీద కాగితం పరిచాడు. "అందరి పేర్లూ రాస్తా. ఒక్కొక్కడినీ కోర్టుల చుట్టూ తిప్పుతా. ముందు నీ పేరు చెప్పు."

"ఎర్రయ్య, సార్."

అతను రాశాడు. తలెత్తేసరికి జీపు పక్కన ఒక బండి నెమ్మదిగా పోతోంది. మీద శారమ్మ కూర్చుంది. కేసులంటే తిరుగుడని భయపడ్డ శారమ్మే.

"నా పేరు రాస్కో సార్," అంది. "శారమ్మ. తండ్రి పోశయ్య."

"నిన్నెవరడిగిండ్రు?" అన్నాడు ఎస్సై.

"అడగకున్నా చెప్తున్న."

వెనుక బండి మీంచి గొంతు లేచింది. "నా పేరు నర్సింలు!" దాని వెనుక, "లింగవ్వ! ఇంటిపేరు గూడ కావాల్నా?" జోడులోని టైరు బండి మీంచి, "నాది గూడ రాయి, మళ్ల నన్ను ఇడిసిపెట్టిండ్రనొద్దు!" పేరు వెంట పేరు, నవ్వు వెంట నవ్వు, లారీల హారన్లను మించి ఆ రోడ్డు పొడుగునా పాకింది. జీపులో హన్మవ్వ కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఎర్రయ్య కళ్లు తుడుచుకున్నాడు.

కాగితం రెండు వైపులా నిండింది. ఎస్సై పెన్ను మూత పెట్టబోయాడు.

"రాయి సార్," అన్నాడు ఎర్రయ్య. "ఇంకా సగం బండ్లు గూడ రాలే."