పంతొమ్మిదో రాయి

పదకొండో రాయి దగ్గరికి రాగానే అతను కొడవలి పక్కన పెట్టి గడ్డిని చేత్తో పీకుతాడు. ఆ రాయి అడుగు పెళుసు. ఇనుము తగిలితే పెచ్చులూడుతుంది. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పొలాల మధ్య వలయంగా నిలబడ్డ ఈ పాతకాలపు రాళ్ళ చుట్టూ గడ్డి కోస్తున్నాడు. చూడవచ్చినవాళ్ళు ఫొటోలో పడకుండా పక్కకు జరగమంటారు. జరుగుతాడు. వాళ్ళు వచ్చింది రాళ్ళ కోసం కదా, అందులో నొచ్చుకోవడానికేముంది?

ఆ ఉదయం కొలతల మేడమ్ మనుషులు నాలుగు ఇనుప రాటలూ ఒక తాడు చుట్టా దించారు. వారం రోజులుగా రాళ్ళను కొలుస్తున్న పరిశోధకురాలికి అతను పెట్టుకున్న పేరది.

"రేపట్నుంచి పంతొమ్మిదో రాయి దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి పెద్దాయనా. ఈ వలయానికి గుండెకాయ అదే. అక్కడ గడ్డి కూడా మావాళ్ళే తీస్తారు," అందామె.

పంతొమ్మిదో రాయి అతని భార్య కుర్చీ.

పనిలో చేరిన ఏడాది ఆమెకు ఏడో నెల. అన్నం తెచ్చి నేలమీద కూర్చుంటే లేవలేకపోయేది. అందుకని వాగు గట్టునున్న పొట్టి రాయిని అతను గునపంతో, రెండు దుంగల మీద రెండు రోజులు దొర్లించుకొచ్చాడు. ఆమె ముందు నడుస్తూ దారి చెప్పేది, ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. వలయంలో ఖాళీగా ఉన్నచోట దాన్ని కుదేశారు. మరుసటి ఏడు ఎవరో అధికారి రంగు డబ్బాతో వచ్చి, అన్ని రాళ్ళతో పాటు దానికీ నంబరు వేసేశాడు. చెబితే పని ఊడుతుందని అతను నోరు మెదపలేదు. ఆమె మాత్రం పగలబడి నవ్వింది.

"చూశారా, నా కుర్చీకి ఉద్యోగం పర్మనెంటయింది. మీకే ఇంకా కాలేదు!"

ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఆ రాయి పక్కనే నేలమీద కూర్చుని తింటాడు.

మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని మేడమ్‌కు చెప్పేశాడు. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. సంచిలోంచి పాత పటం నకలు తీసి చూపించింది.

"ఇది మీరు పుట్టకముందు గీసింది. మీరు చెప్పేచోట రాయి ఉంది, చూడండి."

"నేను పెట్టినప్పుడు ఖాళీగా ఉందమ్మా."

"ఎప్పటి మాటో కదా పెద్దాయనా. మీరు తెచ్చింది వేరే రాయి అయ్యుంటుంది."

"మరి నేను తెచ్చిన రాయి ఎటు పోయినట్టు?"

ఆమెను అడిగాడో తనను తాను అడుక్కున్నాడో అతనికే తెలియలేదు.

మళ్ళీ పనిలోకి దిగాడు గానీ కొడవలి ఆడలేదు. పటం అబద్ధం చెబుతుందా? ఆవిడేమో చదువుకున్న మనిషి. అసలు తను రాయి తెచ్చింది వాగు నుంచేనా? అప్పుడు ఎండగా ఉందా, ముసురా? భార్య ఎటు నిలబడి దారి చెప్పిందో గుర్తుచేసుకోబోయాడు. ఒకసారి కుడివైపు కనిపించింది, ఇంకోసారి ఎడమవైపు. అతనికి భయమేసింది. రాయి పోతే పోయింది, ఆ రెండు రోజులూ జరగలేదంటే ఇక ఆమెలో తనకు మిగిలేదేమిటి?

ఎవరైనా పుల్లతో మట్టి గీకినా కేకలేసే మనిషి, మూడు గంటల ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని పంతొమ్మిదో రాయి మొదలు తవ్వాడు. మూరెడు లోతున గోటికి ఏదో తగిలింది. సత్తు గిన్నె మూత. కూర్చోగానే రాయి ఊగుతోందని ఆమె ఆ రోజు అన్నం గిన్నె మీది మూత తీసి అడుగున దోపింది. ఆ సంగతే మరచిపోయాడు. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేడమ్‌ను పిలుద్దామనుకున్నాడు. ఆయాసంగా ఉండి, కాసేపు రాయికి వీపు ఆనించాడు.

సాయంత్రం రాటలు పాతించడానికి వచ్చిన మేడమ్, "లేవండి పెద్దాయనా," అంటూ భుజం తట్టింది. రెండోసారి తట్టలేదు.

అతన్ని మోసుకెళ్ళాక ఆమె తాడు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పటం వంక చూసింది, గుంట వంక చూసింది, మళ్ళీ పటం వంక. తాడు కట్టమంటారా అని పనివాళ్ళు రెండుసార్లు అడిగారు. గుంటలో, రాయి బరువుకి నడుం వంగిన సత్తు మూత, అతని గోళ్ళు మట్టి తుడిచినంత మేర తెల్లగా కనబడుతోంది.