నత్త గొంతు

మా నత్త ఆడుతున్నంతసేపూ దాని వైపు ఏమీ జరగదు. ఏమీ జరగనివ్వకపోవడమే దాని ఆట. ఈ చిన్న ముక్క ఎవరి బుర్రకూ ఎక్కదు, నాకు ఒళ్లు మండేది అందుకే.

నేను పిల్లల హాకీ జట్టుకు కోచ్‌ని. బస్సు డిపో వెనక గ్రౌండు మాది. వాన పడితే చెరువు, ఎండ కాస్తే దుమ్ము. నత్త మా అక్క కూతురు, అంటే నాకూ కూతురే. గోల్‌కీపర్‌కి ముందు, మిగతా అందరికీ వెనక, ఫుల్‌బ్యాక్‌గా నిలబడుతుంది. అది పరుగెత్తగా చూసినవాళ్లు తక్కువ కనక జట్టు పిల్లలు ఆ పేరు పెట్టారు. బంతి రాబోయే చోటికి ముందే వెళ్లి నిలబడే పిల్లకు పరుగుతో పనేముంది? మిగతా పనంతా నోటితో చేస్తుంది. ఆట మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఎవరు ఎటు జరగాలో, ఎవరు ఎవర్ని వదలకూడదో అరిచి చెబుతూనే ఉంటుంది. ఇంట్లో మాత్రం మంచినీళ్లు అడగడానికి కూడా నోరు విప్పదు.

పిల్లల లీగులో వయసు దాటిందంటే ఆడపిల్లకు ఆడే చోటే ఉండదు. కాలేజీ జట్టులో చేరాలి, లేదా స్టిక్ అటక ఎక్కించాలి. మాకు అందుబాటులో ఆడపిల్లల జట్టున్న కాలేజీ ఒక్కటే. అక్కడి కోచ్ మేడమ్ గ్రౌండు గ్రౌండుకూ తిరగలేదు. వీడియోలు పంపమంటుంది, నచ్చినవాళ్లను ట్రయల్స్‌కి పిలుస్తుంది. ఏటా పిల్లల ఆట వీడియో తీయించి, పంపి, ఆవిడ వెంటపడటం నా పని. గోల్స్ కొట్టే పిల్లలతో చిక్కు లేదు. మా బావకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు తీసి తీసి చెయ్యి తిరిగిన మనిషి. గోల్ కొట్టిన పిల్లను గాల్లో మెల్లగా తేలేలా చూపించి, వెనక పాట వేసి, చూసినవాళ్ల కళ్లు చెమర్చేలా చేసి ఇస్తాడు.

సొంత కూతురి దగ్గరకు వచ్చేసరికి బొక్కబోర్లా పడ్డాడు. కెమెరా బంతి వెంట పోతుంది. ఎదుటి జట్లేమో నత్త ఉన్న వైపుకు బంతి తేవడమే మానేశాయి. ఆ సీజనంతా తీసినవాటిలో వెతికితే దాని మోచెయ్యి ఒకచోట, జడ ఒకచోట దొరికాయి.

"చివరి మ్యాచిలో దీన్ని ముందుకు పంపమ్మా. ఒక్క గోల్ కొట్టించు చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు బావ.

నత్త స్టిక్‌కి టేపు చుట్టుకుంటోంది. తలెత్తలేదు. "నేను ముందుకెళ్తే వెనక ఎవరుంటారు నాన్నా?"

"ఎవరో ఒకరుంటార్లేవే!"

"ఎవరో ఒకరు నిలబడే చోటు కాదది."

అది అలా అన్నాక ఇక మాట్లాడేదేముంది? చివరి మ్యాచి రోజు బావ చేతిలోంచి కెమెరా లాక్కుని గోల్ వెనక నీళ్ల ట్యాంకు మెట్లెక్కాను. బంతి ఏ గంగలో దూకితే దూకనీ అని, ఆట మొత్తం నత్త మీదే పెట్టి ఉంచాను. మ్యాచి గెలిచాం. నత్త వైపు నుంచి ఒక్క గోలూ పోలేదు.

ఒక్కటే ఇబ్బంది. ఆట చూస్తూ నోరు మూసుకోవడం నాకు పుట్టి బుద్ధెరిగి చేతకాలేదు. అంపైర్‌ని తిట్టాను, వానను తిట్టాను, ఆ ఊపులో కాలేజీ మేడమ్‌ని కూడా తిట్టాను. అదంతా కెమెరాలోకి ఎక్కింది. "బావా, శబ్దం మొత్తం తీసెయ్" అన్నాను. "పాట పెట్టనా?" అన్నాడు. వద్దన్నాను. పెద్ద తెలివైనదాన్నని మురిసిపోతూ ఆ మూగ వీడియో పంపించాను.

మేడమ్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. "వీడియో చూశాను. అమ్మాయి బాగా నిలబడింది. ఇంతకీ ఏం చేస్తుంది?"

ఆ సాయంత్రం స్టూడియో వెనక గదిలో అందరం చేరాం. ఫొటోలకు వేసే నీలం తెర ముందు అక్క కూర్చుంది. గొడుగు దీపాల మధ్య నేను అటూ ఇటూ తిరుగుతూ ఆ మేడమ్‌ని ఏడు తరాలు వెనక్కి వెళ్లి దీవిస్తున్నాను. నత్త మాత్రం ఆ వీడియోను మొదటిసారి చూస్తోంది. కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"నా గొంతేది పిన్నీ?"

చెప్పాను. ఇంకేం చేస్తాను?

"అంటే నీ తిట్లు దాచడానికి నా ఆట తీసేశావా?"

బావ అసలు వీడియో పెట్టాడు. స్పీకర్లో నత్త గొంతు ఖంగుమంది: "ఎడమకి! ఎడమకి! కీపర్, బయటికి రాకు!" దాని మాట వెంటే నలుగురు పిల్లలు దారంతో లాగినట్టు జరిగారు. వెనకనుంచి నా గొంతు: "ఆ కాలేజీ మేడమ్‌కి కళ్లకి గంతలు కట్టారేమో! గోల్ కొట్టినవాళ్లు తప్ప ఇంకో మనిషి కనబడదు! దీన్ని తీసుకోకపోతే ఆవిడ విజిల్ బదులు బూర ఊదుకోవాలి!"

బావ కుర్చీలోంచి పడబోయాడు నవ్వలేక. అక్క తల పట్టుకుంది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అమ్మ ఊరికే అనేదా నిన్ను?" అంది.

"ఊరి సంగతి సరే, నావి మాత్రం కత్తిరించు బావా" అన్నాను.

ప్రయత్నించాడు. నత్త అరిచిన ప్రతిచోటా నేనూ అరిచాను. నాది తీస్తే దానిదీ పోతోంది. "రెండూ ఒకే గొంతులా ఉన్నాయి, ఎక్కడని కోసేది?" అని చేతులెత్తేశాడు.

"అలాగే పంపు పిన్నీ" అంది నత్త.

"మతి పోయిందా? ఇది విన్నాక ఆవిడ నీ మొహం చూస్తుందా?" అంది అక్క.

"ఇప్పుడు మాత్రం చూసిందా అమ్మా? నిలబడింది అంది. నేను ఊరికే నిలబడలేదు. నన్ను వద్దంటే వద్దననీ, కానీ నేనేం చేస్తానో విని వద్దనాలి."

నాకు భయం వేసింది, అబద్ధమెందుకు. వచ్చే ఏడాది ఇంకో బ్యాచి పిల్లలను ఆవిడ దగ్గరికే పంపాలి. ఆవిడ గేటు మూసిందంటే నా జట్టు మొత్తానికి మూసినట్టే. కానీ నత్త మొహం చూస్తే ఆ భయం కంటే సిగ్గు ఎక్కువైంది. అన్నేళ్లుగా "గట్టిగా అరవండే" అని పిల్లలకు నేర్పిందాన్ని, దాని గొంతు నొక్కింది నేనే. తిట్టిన నోటితోనే "పంపు బావా" అన్నాను. కింద ఒక్క వాక్యం కూడా రాశాను: "వెనక వినబడే రెండో గొంతు నాది, ఆ మాటలకు పిల్లకు సంబంధం లేదు."

చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. అక్క నాతో మాట్లాడటం తగ్గించింది. చివరికి కబురొచ్చింది, ట్రయల్స్‌కి రమ్మని.

మేడమ్ గేటు దగ్గరే ఎదురైంది. పీలగా ఉంది, మెడలో విజిలుంది. పిల్లను చూడలేదు, నన్నే చూసింది.

"ఆ రెండో గొంతు మీదేనా?"

"నాదే."

"గంతలు కట్టారేమో అన్నారు."

"అన్నాను. ఇవాళ విప్పుతారేమోనని వచ్చాను."

పక్కనే నత్త నా చెయ్యి గట్టిగా గిల్లింది. మేడమ్ నవ్వలేదు. "మీరు గోడ అవతల కూర్చోండి. మీ గొంతు ఒక్కసారి వినబడినా అమ్మాయిని పంపించేస్తాను" అంది.

గోడ నా కంటే ఎత్తు. అవతల సైకిళ్లు పెట్టే చోట ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాను. ఏమీ కనబడదు. విజిల్ మోగింది. స్టిక్కుల టకటకలు, బూట్ల చప్పుడు. నత్త గొంతు లేదు. వాళ్లలో ఒక్కరి పేరూ దానికి తెలియదు, ఎవర్నని పిలుస్తుంది? బంతి గోల్ లోపలి చెక్కకు తగిలిన చప్పుడైంది, ఎవరో చప్పట్లు కొట్టారు. అరవవే, అరవవే తల్లీ అని నాలుక కొరుక్కున్నాను. నిజంగానే రక్తం రుచి తగిలింది.

అప్పుడు వినబడింది.

"ఎర్ర బూట్లూ! కుడికి జరుగు! పొడుగు జడా, దాన్ని వదలకు!"

"నువ్వెవరే మాకు చెప్పడానికి?" అని ఇంకో గొంతు.

"వెనకనుంచి చూస్తున్నదాన్ని! తర్వాత తిడుదువు గానీ, ముందు జరుగు!"

జరిగినట్టుంది. టక్ మని స్టిక్ మీద బంతి ఆగిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఎర్ర బూట్లు, పొడుగు జడ, కళ్లజోడు, అందర్నీ పేరు పేరునా పిలుస్తున్నట్టే పిలిచింది. కాసేపటికి వాళ్లే వెనక్కి అడగడం మొదలుపెట్టారు: "ఎటు? ఎటు వెళ్లను?" గోల్ చెక్క మళ్లీ మోగలేదు. నేను గోడకు వీపు ఆనించి, గుప్పిళ్లు బిగించి, మా ఇంటావంటా లేని మౌనం పాటించాను.

ఇంతలో అదే గొంతు ఇంకా గట్టిగా వినబడింది.

"మేడమ్! అడ్డం ఉన్నారు! పక్కకి జరగండి!"

గోడ అవతల అంతా గప్‌చుప్. ఆవిడ గ్రౌండు, ఆవిడ విజిలు, ఆవిడ ట్రయల్స్. అయిపోయింది అనుకున్నాను. విజిల్ మోగుతుందని కళ్లు మూసుకున్నాను. మోగలేదు. మళ్లీ టక్ మంది.

ఆట ముగిశాక మేడమ్ గేటు దాటి సైకిళ్ల దగ్గరికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. పిల్ల తరఫున క్షమించమని అడిగే మనిషిని కాను, అడగలేదు.

"ఆ గ్రౌండులో నన్ను పక్కకి జరగమన్నవాళ్లు ఇంతవరకు లేరు" అంది.

"మీరు జరిగారా?"

ఆవిడ నుదుటి చెమట తుడుచుకుంది. మొదటిసారి నా కళ్లలోకి కాక, గేటులోంచి వెనక్కి, నత్త ఇంకా ఎవరికో ఏదో చెబుతున్న వైపు చూసింది.

"జరిగాను. బంతి సరిగ్గా నేను నిలబడ్డ చోటికే వచ్చింది. సోమవారం నుంచి పంపించండి."