పద్నాలుగు చెవులు

పుర్రె అడుగున, చెవి నరం మీద పెరిగిన గడ్డ తీయించుకున్నవాళ్లకు వినికిడి ఎంత మిగిలిందో కొలవడం నా పని. మా సర్జన్‌గారు ఇరవై రెండు మంది ఫలితాలను సదస్సులో చెప్పబోతున్నారు. పద్నాలుగు మందికి చెవి దక్కిందని పట్టిక రాసిచ్చింది నేనే. ఆ అంకెతో సారాంశం సదస్సుకు అప్పటికే పంపేశారు.

ఆ పద్నాలుగు మందిలో ఒకామె టైలరు. ఆపరేషనైన ఆరు నెలలకు అక్కను వెంటబెట్టుకుని వచ్చింది.

"మేడం, ఈ చెవికి ఫోన్ పెట్టుకుంటే గరగరే గానీ మాట తెలీట్లేదు. డాక్టర్లే బాగుందన్నారు, నీకే ధ్యాస లేదంటున్నారు ఇంట్లో."

"నేనూ అన్నానండి," అంది అక్క. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే అని ఎగతాళి కూడా చేశాను."

ఆపరేషన్ తర్వాతి పరీక్షలో ఆమెకు నేను కుయ్‌మనే శబ్దాలు మాత్రమే వినిపించాను. వినబడితే బటన్ నొక్కడం, అంతే. మాటల పరీక్ష పెట్టలేదు. పెడితే అంకె పడిపోతుందని తెలుసు. పెట్టొద్దని సర్జన్‌గారు అనలేదు. "ఈసారి మంచి ఫలితాలు చూపించాలి" అన్నారు. మిగతాది నేనే అర్థం చేసుకున్నాను.

ఆమెను అద్దమున్న పరీక్ష గదిలో కూర్చోబెట్టి, మాట అటు వినబడకుండా బాగున్న చెవిలో హోరు పెట్టి, రెండో చెవిలో పాతిక మాటలు వినిపించాను. 'పలక' అంటే 'నలక' అంది. 'గాజు' అంటే 'రాజు' అంది. మూడే సరిగ్గా చెప్పింది. ప్రతి మాటకూ ఆమె అద్దం అవతలినుంచి, సరేనా అన్నట్టు కనుబొమలెత్తుతుంటే నేను తలెత్తలేకపోయాను.

"ధ్యాస లేనిది మీకు కాదమ్మా. ఈ పరీక్ష చెయ్యకుండానే బాగుందని రాశాను. తప్పు నాది," అన్నాను.

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఆమె ఫలితం రాసిన కాగితాన్ని సర్జన్‌గారు చూశారు. "మాటల పరీక్ష ఎంతమందికి పెట్టలేదు?"

"ఎవరికీ పెట్టలేదు సార్."

"నేనూ అడగలేదు," అని కాగితం తిరిగిచ్చారు. "అందర్నీ పిలిపించు."

ఆ పద్నాలుగు మందిలో, టైలరుతో కలిపి, పన్నెండు మంది వచ్చారు. అయిదుగురికే మాటలు తెలుస్తున్నాయి. రాని ఇద్దరినీ 'తెలియదు' అని విడిగా రాశాను. టైలరుకు, పాడైన చెవి పక్కనుంచి వచ్చే మాటను మంచి చెవికి చేర్చే యంత్రం అమర్చాను.

సదస్సులో సర్జన్‌గారు పద్నాలుగూ అయిదూ, రెండు అంకెలూ చదివారు.

"సారాంశంలో పద్నాలుగే ఉందే?" అని ఒకాయన అడిగాడు.

"అప్పుడు మేం మాటలు కొలవలేదు," అన్నారాయన.

వెనక వరసలోంచి లేచి, కొలవనిది నేనండీ అనాల్సింది. అనలేకపోయాను.