వాసన పట్టే బల్ల

పాప పుట్టి నెల కావస్తున్నా చ్యూలన్ మనవరాలిని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. గది బయట నిలబడి చూసేది, అంతే. లోపల మంచం మీద కోడలు యాన్‌లింగ్ అల్లం, నువ్వుల నూనె వేసి వండిన బాలింత కోడికూర తింటూ, "అక్కడే ఉండండి అత్తయ్యా, దగ్గరికి రాకండి," అనేది. ఆ పిల్లది చెడ్డ మనసేమీ కాదు. అత్తగారి ఒంటి నుంచి కాలిన ప్లాస్టిక్ కంపు వస్తోందని, పసిదానికి పడదని మొదటి రోజే మొహమాటం లేకుండా చెప్పేసింది. చెప్పాల్సిన మాటే. కాకపోతే ఆ పిల్ల చెప్పేదాకా చ్యూలన్‌కి ఆ సంగతి తెలియదు.

తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. దాన్ని ఆమె కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. ఆమెకు వాసనలు తెలియడం మానేసి చాలా ఏళ్లయింది.

లియెన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఎవరికైనా ముక్కు పోవచ్చు గానీ, చ్యూలన్‌కి పోవడం విడ్డూరం. ఆమె ఇల్లు ఆమె ముక్కు మీదే నడిచింది. ఎక్కడెక్కడి జనమో మోజు తీరి పారేసిన కంప్యూటర్లు, ప్రింటర్లు, ఫోన్లు ఓడలెక్కి వచ్చి ఆ వీధుల్లో కుప్పలు పడేవి. రాగి తీగలు ఒకరింటికి, లోపలి సర్క్యూట్ పలకలు ఒకరింటికి, పైన ఉండే ప్లాస్టిక్ డొప్పలు చ్యూలన్ లాంటి వాళ్లింటికి. చూసేవాళ్లకు ప్లాస్టిక్ అంతా ఒకటే. కరిగించేవాడికి మాత్రం పది రకాలు, ఒకదాంట్లో ఒకటి కలిసిందా మొత్తం దండగ. అందుకని ముక్క అంచును లైటర్‌తో కాల్చి, మంట ఊదేసి, ఆ పొగ పీల్చి ఏ రకమో తేల్చాలి. ఒకటి కొవ్వొత్తి ఆరిపోయినట్టు ఉంటుంది, ఒకటి వెంట్రుక కాలినట్టు, ఇంకొకటి పూల వాసనలా తియ్యగా ఉండి తలనొప్పి తెస్తుంది. చ్యూలన్ పీల్చి చెప్పిందంటే తిరుగులేదని పేరు. యజమానులు ఆమె కోసం పోట్లాడుకునేవారు. ఆ పొగ ఎక్కడికి పోతోందని అడిగినవాడు ఒక్కడు లేడు.

తర్వాత సర్కారు కళ్లు తెరిచింది. ఇళ్లలో కాల్చడం కట్టిపెట్టించి, పనంతా ఊరి చివర ప్రహరీ కట్టిన పెద్ద ఆవరణలోకి మార్చింది. యంత్రాలు వచ్చాయి, పొగను వడకట్టే గొట్టాలు వచ్చాయి. నదిలో నీళ్లు మళ్లీ నీళ్ల రంగులోకి తిరుగుతున్నాయి. మంచిదే, ఎవరు కాదన్నారు? కాకపోతే యంత్రం కూడా తేల్చలేని ముక్కలు కొన్ని మిగులుతాయి. వాటికోసం ఒక మూల పాత బల్ల ఒకటి ఉంచారు. దాని దగ్గర చ్యూలన్, ఆమె కంటే కొంచెం పెద్దదైన సుయ్‌పింగ్ ఎదురెదురుగా కూర్చునేవారు.

ముక్కు పోయినా చ్యూలన్ పని నడుపుకొచ్చింది. మంట రంగు చూసేది, మసి చూసేది, ముక్కను నేల మీద పడేసి చప్పుడు వినేది. ఎటూ తేలకపోతే సుయ్‌పింగ్ అలాంటిది ఏ బుట్టలో వేసిందో ఓరగా చూసి తనూ అందులోనే వేసేది. సుయ్‌పింగ్ ముక్కు ఉండగా తనకేం భయం అనుకునేది.

పనికోసం ఆమె ఎప్పుడూ బెంగపెట్టుకోలేదు. ఆమె బెంగ వేరు. కొడుకు వెయ్‌బిన్ పసివాడుగా ఉన్నప్పుడు, పని నుంచి రాగానే వాడి మాడు మీద ముక్కు పెట్టి గుండెల నిండా పీల్చేది. ఆ క్షణం కోసమే పగలంతా పొగలో కూర్చునేది. ఆ వాసన ఎంత బాగుండేదో ఆమెకు గుర్తుంది, వాసన మాత్రం గుర్తులేదు. పడుకుని కళ్లు మూసుకుని ఎంత వెతికినా దొరికేది కాదు. మనవరాలు పుట్టిందనగానే ఆమెకు ఒక ఆశ పుట్టింది. పసిదాని మాడు మీద ఒక్కసారి ముక్కు పెడితే చాలు, ఆ వాసన దానంతట అదే తిరిగొస్తుందని. పిచ్చి ఆశే, కానీ నెలంతా దాన్ని పట్టుకునే బతికింది.

నెల నిండిన రోజు ఇంట్లో విందు, పాపను ఎవరైనా ఎత్తుకోవచ్చు. ఆ రోజు చ్యూలన్ పనికి వెళ్లలేదు. పంపరపనస ఆకులు మరగబెట్టిన నీళ్లతో తలంటుకుంది, ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దుకుంది, కొత్త చొక్కా వేసుకుంది. కంపు పోయిందో లేదో తనంతట తాను తెలుసుకునే దారి లేదు. అందుకని బంధువులకు పంచే ఎర్రరంగు గుడ్లు నాలుగు పట్టుకుని సుయ్‌పింగ్ ఇంటికి వెళ్లింది.

"అక్కా, ఒకసారి నన్ను వాసన చూడు."

"పొద్దున్నే ఇదేం సరసం? నేనేమన్నా నీ మొగుణ్ణా?"

"నవ్వులాట కాదు. ఇవాళ పాపను ఎత్తుకోవాలి. కంపు పోయిందో లేదో నిజం చెప్పు."

సుయ్‌పింగ్ దగ్గరికొచ్చి మెడ దగ్గర, జుట్టు దగ్గర చాలాసేపు పీల్చింది. "కంపూ లేదు, గింపూ లేదు. పంపరాకు వాసన గుప్పుమంటోంది. పో, పోయి ఎత్తుకో," అంది.

చ్యూలన్ ఇంటికి దాదాపు పరుగున వచ్చింది. గదిలోకి వెళ్లి చేతులు చాచింది. యాన్‌లింగ్ పాపను అందించబోయి ఆగింది.

"ఇంకా వస్తోందత్తయ్యా. జుట్టులోంచి. ఏమీ అనుకోకండి."

చ్యూలన్ చాచిన చేతులు దించేసింది. పెరట్లోకి వెళ్లి పీట మీద కూర్చుంది. విందుకని వచ్చిన సుయ్‌పింగ్ నేరుగా అక్కడికే వచ్చింది.

"అబద్ధం ఎందుకు చెప్పావక్కా? ఆ పిల్ల ముందు తలెత్తుకోలేకపోయాను."

సుయ్‌పింగ్ ఆమె పక్కన చతికిలబడింది. "నాకు తెలిస్తే కదే చెప్పడానికి. నా ముక్కు ఎప్పుడో పోయింది. నీ జుట్టులో ఆకుముక్క కనబడితే అలా అన్నాను."

"మరి బల్ల దగ్గర?"

"నీ బుట్ట చూసి వేస్తున్నాను."

"నా బుట్టా? నేను నీ బుట్ట చూసి వేస్తున్నానే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు సుయ్‌పింగ్‌కి నవ్వొచ్చింది, తర్వాత చ్యూలన్‌కి. ఆవరణ మొత్తానికి దిక్కు వీళ్లిద్దరేనని కదా మేస్త్రీ అందరికీ గొప్పగా చెప్పేది. పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ చ్యూలన్ ఏడ్చేసింది. "ఆ పసిదాని వాసన చూడాలనుందక్కా. ఒక్కసారంటే ఒక్కసారి," అంది.

వెనక యాన్‌లింగ్ పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. ఆమె ముందుకొచ్చి పాపను అత్తగారి ఒళ్లో పెట్టింది.

చ్యూలన్ వంగి పాప మాడు మీద ముక్కు ఆనించింది. కళ్లు మూసుకుని పీల్చింది. వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. ఇంకోసారి, ఇంకా లోతుగా పీల్చింది. గాలి వచ్చింది, పోయింది. అంతకు మించి ఏమీ రాలేదు.

"నువ్వు చూసి చెప్పమ్మాయ్. ఎలా ఉంటుంది?"

యాన్‌లింగ్ మోకాళ్ల మీద కూర్చుని పాప తల దగ్గరికి వంగింది. "అన్నం ఉడికాక మూత తీస్తామే, అప్పుడొచ్చే ఆవిరిలాగా. మెడ మడతల్లో పాలు పులిసిన వాసన. చెవుల వెనక ఏదో... తీపి కాదు, తీపిలాంటిది."

"ఇంకా?"

ఆ పిల్ల మళ్లీ వంగి పీల్చి చూసింది. "ఇంకా, ఇప్పుడు కొంచెం మీ వాసన."

చ్యూలన్ గబుక్కున పాపను ముందుకు చాచింది. "తీసుకో."

"పర్లేదు, ఉంచుకోండి. తర్వాత స్నానం చేయిస్తాను."

"వద్దు. తీసుకో తల్లీ." పాపను కోడలి చేతుల్లో పెట్టేసి, తన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో ముడుచుకుంది. "ఆ అన్నం ఆవిరి సంగతి ఇంకోసారి చెప్పు. నిదానంగా చెప్పు," అంది.