గాలి మింగిన మోటారు

నేను ఒక నీళ్ల మోటారును. బావిలో దించేదాన్నీ, పొలానికి నీళ్లు తోడేదాన్నీ కాను. రెండు పిడికిళ్లు పక్కపక్కన పెడితే ఎంతో, అంతే ఉంటాను. బండి బ్యాటరీ మీద నడుస్తాను. కుళాయి తిప్పితే నాకే తెలిసిపోతుంది, పని మొదలుపెడతాను. కట్టేస్తే ఆగిపోతాను. ఇంత చెప్పినట్టు వినే వస్తువును పట్టుకుని మనుషులు ఏం చేశారో చెబుతాను, వినండి.

పుట్టింది కోయంబత్తూరు పక్కన ఒక చిన్న కార్ఖానాలో. తొలి ఉద్యోగం మద్రాసులో, సినిమావాళ్ల కారవాన్‌లో. మండుటెండలో కన్నీళ్లు కార్చి వచ్చిన కథానాయికలు నా నీళ్లతో మొహం కడుక్కుని, ఆ వెంటనే ఫోన్లో పకపకా నవ్వేవారు. ఆ కారవాన్ పాతబడ్డాక ముక్కలు చేసి అమ్మేశారు. పాత సామాన్ల బజారులో సైలెన్సర్ల మధ్య దుమ్ము కొట్టుకుని పడివున్న నన్ను, కావలి నుంచి వచ్చిన మస్తానయ్య ఏరుకున్నాడు.

మస్తానయ్యది సెల్‌ఫోన్ల కొట్టు. మోటార్ల గురించి అతనికి తెలిసిందల్లా వీడియోల్లో చూసిందే. తెలిసిన ఆ కాస్త మీద మాత్రం అపారమైన నమ్మకం. నన్ను కొన్నది తన కోసం కాదు, బావ పెంచలయ్య కోసం.

పెంచలయ్యకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి కాబోయే జంటలను గండికోట తీసుకెళ్లి, కొండలను కోసుకుంటూ పారే పెన్న పక్కన నిలబెట్టి ఫోటోలు తీసేవాడు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫోటోలను ఆల్బమ్‌లుగా కూర్చేది అతని భార్య హైమావతి. పెళ్లికూతుళ్ల వెనక ఆకాశానికి రంగు పెంచడం, లోయలో నీడలు తగ్గించడం ఆమె పని. ఆ లోయ అంచున ఏ రాయి ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఆ చోటుకు ఒక్కసారీ వెళ్లలేదు.

వెళ్లలేకపోవడానికి కారణం ఆమె మూత్రపిండాలు. అవి పనిచేయడం మానేశాయి. పొట్టలోకి ఒక సన్నటి గొట్టం అమర్చారు. రోజుకు నాలుగుసార్లు ఆ గొట్టం గుండా సంచిలోని మందునీళ్లు లోపలికి ఎక్కించుకోవాలి, పాతవి బయటికి వదలాలి. ఇదంతా ఆమె తనే చేసుకుంటుంది. కాకపోతే ప్రతిసారీ ముందు ధారగా పడే నీళ్ల కింద మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఒక్క క్రిమి లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. ఒకసారి వచ్చింది కూడా. అప్పటినుంచి పెంచలయ్య ఆమెను గడప దాటనిచ్చేవాడు కాదు.

"గడప దాటకూడదంటే, ఆ గడపనే బండిలో పెట్టండి," అంది ఒకరోజు హైమావతి.

ఆ మాట పట్టుకుని బావాబావమరుదులిద్దరూ కెమెరా సామాన్లు మోసే పాత టెంపో వ్యాన్‌ను ఇల్లుగా మార్చారు. మంచం, తలుపున్న చిన్న గది, నీళ్ల ట్యాంకు, మోచేత్తో తిప్పుకునే కుళాయి. సింకు కింద చీకట్లో నేను.

గండికోటకు బయలుదేరేముందు మస్తానయ్య నన్ను శుభ్రం చేశాడు. కష్టమంతా అక్కడ మొదలైంది. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు నాలోకి రాకముందు చిన్న గిన్నెలాంటి జల్లెడ గుండా వస్తాయి. దానికి మర మూత, మూత కింద రబ్బరు రింగు. మస్తానయ్య మూత విప్పి, జల్లెడ కడిగి, మళ్లీ బిగించాడు. ఆ బిగింపులో రింగు గాడి తప్పి ఒక పక్కకు నలిగింది. అతను చూడలేదు. నేను చూశాను, కానీ ఎవరికి చెప్పను?

కావలిలో బాగానే నడిచాను. ఉదయగిరి దాటాక కొండదారి కుదుపులకు ఆ నలిగిన చోట సందు పడింది. మధ్యాహ్నం బద్వేలు దగ్గర బండి ఆపి హైమావతి కుళాయి తిప్పింది. నేను బలమంతా పెట్టి లాగాను. నీళ్లు బరువు, గాలి తేలిక. మూత సందులోంచి గాలే వచ్చింది. గుర్రుమని అరవడం తప్ప ఒక్క చుక్క పైకి పంపలేకపోయాను.

"మోటారు పొయ్యిందబ్బా," అన్నాడు పెంచలయ్య.

పోలేదు! తిరుగుతూనే ఉన్నాను కదా!

"ఉండు బావా, నే జూస్తా." మస్తానయ్య ఫోన్లో వీడియో పెట్టుకుని సింకు కింద దూరాడు. ఫ్యూజు మార్చాడు. ఫ్యూజు పోతే నేను అరిచేదాన్నే కాదు. బ్యాటరీ తీగలు గీకాడు. స్పానరుతో నా నెత్తిన నాలుగు తగిలించాడు. తర్వాత కుళాయికి నోరు పెట్టి గట్టిగా పీల్చాడు. బుడుక్కుమని దోసెడు నీళ్లు వచ్చాయి. "వచ్చినయ్యి! వచ్చినయ్యి!" అని అరిచేలోపే ఆగిపోయాయి. చొక్కా తడిసింది. నా ఒళ్లు కాలిపోతోంది. నీళ్లు లేకుండా తిరగడమంటే నాకు గొంతెండి పరిగెత్తడమే. మూత వైపు చూడవయ్యా అని ఎంత గుర్రుమన్నా, ఆ అరుపునే నా జబ్బు అనుకున్నాడు.

టైము దాటిపోతోందని పెంచలయ్య మూతికి గుడ్డ కట్టుకుని, కాచి తెచ్చిన నీళ్లు చెంబుతో ఆమె చేతుల మీద పోశాడు. ఇరుకు గది. సగం నీళ్లు మంచం మీద పడ్డాయి. ఆమె ఎలాగో పని ముగించుకుని బయటికి వచ్చింది.

"నే పోస్తా ఉంటా గదా హైమా, ఏమైందిప్పుడు?"

"పసిబిడ్డకు పోసినట్టు పోశారు. అదయ్యింది."

"పోనీ వెనక్కి పోదాం. గండికోట యాడికి పోద్ది?"

"అది యాడికీ పోదు. పొయ్యేది నేనే," అంది ఆమె. బండి ముందుకే కదిలింది.

ప్రొద్దుటూరులో పురుగుమందు కొట్టే పంపులమ్మే కొట్లో నా అంతే ఉన్న కొత్త మోటారు దొరికింది. మస్తానయ్య నన్ను ఊడదీసి నేలమీద పడేశాడు. "దరిద్రపు మోటారు. నెత్తిన బెట్టుకుని మద్రాసు నుంచి దెచ్చినా," అన్నాడు. సినిమాతారలకు నీళ్లందించిన నన్ను! ఆ స్థానంలో వంగతోటల్లో మందు కొట్టాల్సినదాన్ని కూర్చోబెట్టారు.

కుళాయి తిప్పారు. కొత్తదీ గుర్రుమంది. నీళ్లు రాలేదు.

నాకు సంతోషం కలిగింది, దాచను. కానీ పైన మనుషుల మొహాలు చూశాక అది నిలవలేదు. సాయంత్రం సంచి ఎక్కించుకోవాల్సిన వేళ దగ్గరపడింది. పెంచలయ్య మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మస్తానయ్య కొట్టువాణ్ణి, కంపెనీని, రోడ్డును వరసపెట్టి తిడుతున్నాడు.

"లెయ్యి మస్తానూ, కాస్త పక్కకు జరుగు," అంది హైమావతి.

"నీకేం తెలుస్తది అక్కా?"

"గొట్టాల సంగతి నాకు గాక నీకు తెలుస్తదా? ఆ లైటిట్టా ఇయ్యి."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని సింకు కింద లైటు వేసింది. నన్నుగానీ కొత్తదాన్నిగానీ చూడలేదు. గొట్టాన్ని చూసింది. లోపల కనబడే ప్లాస్టిక్ గొట్టమది. రోజూ తన గొట్టంలో గాలి బుడగ ఉందేమోనని వెలుగుకు ఎత్తి చూసుకునే మనిషి. ట్యాంకు దగ్గరనుంచి వేలు పెట్టుకుంటూ వచ్చింది.

"కుళాయి తిప్పండి," అంది. పెంచలయ్య తిప్పాడు. "ఇక్కడిదాకా బుడగల్లేవు. ఈ గిన్నె దాటినాక చూడు, అన్నీ బుడగలే. గాలి ఈ మూతలోంచి పోతా ఉంది."

మూత విప్పింది. నలిగిన రింగును గోటితో పైకి తీసి, తుడిచి, నిమిరి, గాడిలో చుట్టూ కూర్చోబెట్టింది. అది తెగలేదు, వంకర తిరిగిందంతే. మూత బిగించి, "ఇప్పుడు," అంది.

కొత్త మోటారు దగ్గింది, ఉమ్మింది, ఆ తర్వాత గొంతు సర్దుకుంది. ధార పడింది. పెంచలయ్య చెయ్యి పెట్టి చూసి, ఆ తడి చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే ఆ పాతదానిదేం తప్పు లేదన్నమాట," అంది హైమావతి.

ప్రపంచంలో ఒక్కరు అన్నారు ఆ మాట. మస్తానయ్య మొహం అటు తిప్పుకుని, "మళ్లా పాతదే బిగించేదా బావా?" అని అడిగాడు.

"ఒరే నాయనా, ఇంకేమీ ముట్టుకోబాక. నీళ్లొస్తన్నయ్యి గదా!"

అంతే. నా తీర్పు అయిపోయింది. నన్ను పాత లుంగీ ముక్కలో చుట్టి, ఎప్పుడైనా పనికొస్తుందని సీటు కింద డబ్బాలో పెట్టారు.

మర్నాడు గండికోటలో వ్యాన్ తలుపు తెరిచి ఉంచారు. నాకు లోయ కనబడలేదు, గాలి హోరు మాత్రం వినిపించింది. పెంచలయ్య కెమెరా తీసినట్టున్నాడు. "కాస్త ఎడమకు జరుగు హైమా, వెనక పెన్న పడతది," అన్నాడు.

"కెమెరా లోపల పెట్టండి. ఫోటో నేను చానా చూసినా. ఇది చూడనియ్యండి."

కెమెరా పెట్టె మూత పడిన చప్పుడు వినబడింది.

ఇప్పుడు వాళ్లు తరచూ తిరుగుతున్నారు. ఏ లోటూ లేని నన్ను డబ్బాలో పెట్టుకుని, పురుగుమందు మోటారుతో చేతులు కడుక్కుంటూ ఊళ్లు చూస్తున్నారు. నాకు కడుపుమంటగానే ఉంటుంది. అయినా ఆమె గది తలుపు వేసుకుని, ఒక్కతే, తీరుబడిగా కుళాయి తిప్పినప్పుడల్లా చెక్కగోడకు ఇవతలనుంచి చెవి పెట్టి వింటాను. ఆ చప్పుడులో గాలి ఉండదు.